ఆ చుక్క చూసింది ఆయన

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున పేపరు తిరగేస్తుంటే జిల్లా పేజీలో అడుగున, చిన్న డబ్బాలో ఆయన ఫోటో కనిపించింది. శ్రద్ధాంజలి ప్రకటన. కళ్ళజోడు లేకుండా తీసిన ఫోటో, అందుకని ముఖం చూసి వెంటనే పోల్చుకోలేకపోయినాను. పేరు చదివితే తెలిసింది. ఆ పేరులో ఒక ఒత్తు పోయింది.

జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పేర్లలో ఒత్తులూ దీర్ఘాలూ సరిచేసిన మనిషి. అది ఇంకెవరి ప్రకటనో అయ్యుంటే, ఆయన ఆ డబ్బా చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో గీత గీసి, పక్కన ఒత్తు రాసి, పేపరు మడిచి చంకలో పెట్టుకుని ఆ ఆఫీసుకు నడిచిపోయేవాడు. పోట్లాడేదానికి కాదు. "రేపటికి సరిచేసుకోండప్పా, వాళ్ళింట్లో బాధపడతారు" అని చెప్పి వచ్చేదానికి.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. రాయాల్సిన చోట రాసే అవకాశం నాకు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ రాయలేదు. ఇప్పుడిక్కడ రాసి, ఏదో తీర్చేసుకున్నానని అనిపించుకోవడం నాకిష్టం లేదు.

తిరుపతిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను ఫిజిక్స్ చెప్తాను. ఆయన మా ఎగ్జామ్ సెక్షన్‌లో ప్రశ్నపత్రాల ప్రూఫులు చూసేవాడు. అంతకు ముందు గాంధీ రోడ్డు వెనక సందులో ఒక ప్రెస్సులో అదే పని. పంచాంగాలు, గోవింద నామాల పుస్తకాలు, పెళ్ళి పత్రికలు, లాడ్జీల రసీదు బుక్కులు, అన్నీ ఆయన కళ్ళ కింద నుంచే పోయేవి. ప్రెస్సు మూతపడినాక మా దగ్గర చేరినాడు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నేను "అన్నా" అనేదాన్ని, ఆయన "మేడం" అనేవాడు.

ప్రూఫు చూసేటప్పుడు ఆయన కాగితాన్ని కొన నుంచి మొదటికి చదివేవాడు. చివరి వరస, చివరి అక్షరం, అక్కడ నుంచి వెనక్కి. వరస కింద స్కేలు పెట్టి, ఒక్కో అక్షరం మీద పెన్సిల్ కొన ఆనించుకుంటూ పోయేవాడు. ఎందుకట్లా అని ఒకసారి అడిగినాను.

"ముందు నుంచి చదివితే అర్థం అడ్డమొస్తాది మేడం" అన్నాడు. "సగం మాట చూడంగానే మిగతా సగం మనసే పూర్తి చేసేస్తాది. కంటిని పని చెయ్యనీదు. కొన నుంచి వస్తే అర్థం ఉండదు, అక్షరం ఒకటే ఉంటాది. అప్పుడు తప్పు దాక్కునేదానికి జాగా ఉండదు."

ఫిజిక్స్ ఆయనకు ఒక్క ముక్క తెలీదు. అయినా నా ప్రశ్నపత్రాల్లో నేను పట్టుకోలేని తప్పులు పట్టేవాడు. "మేడం, ఇంగ్లీషులో ఈ అంకె ముందర చిన్న గీత ఉండాది, తెలుగులో లేదు. రెండిట్లో ఏది నిజం?" అని అడిగినాడొకసారి. ఆ గీత మైనస్ గుర్తు. అది లేకుండా పేపరు అచ్చయి పోయుంటే తెలుగు మీడియం పిల్లలంతా ఆ లెక్క తప్పు చేసేవాళ్ళు.

పాత ప్రూఫునూ దిద్దిన ప్రూఫునూ పోల్చేటప్పుడు ఇంకో పద్ధతి ఉండేది. రెండు కాగితాల్నీ ఒకదాని మీద ఒకటి సరిగ్గా అమర్చి, ఎడమ చేత్తో అదిమిపట్టి, పై కాగితాన్ని కుడిచేత్తో టపటపా ఎత్తి దించేవాడు. మారని అక్షరాలు కదలకుండా నిలబడతాయంట. మారిన చోట మాత్రం కంటికి చిన్న అదురు తెలుస్తుందంట. నేను కూడా చేసి చూసినాను. నాకు అంతా అదిరినట్టే ఉండింది.

బయట కూడా ఆయన కళ్ళు ఊరికే ఉండేవి కావు. కాలేజీ ఎదురుగా టీ అంగడి బోర్డు మీద "టిపిన్" అని రాసుంటే, అంగడాయన్ను అడిగి సుద్దముక్కతో సరిచేసినాడు. వానకు అది చెరిగిపోయిన ప్రతిసారీ మళ్ళీ రాసేవాడు. బస్టాండులో బస్సు కోసం నిలబడి, బస్సుల మీది ఊర్ల పేర్లన్నీ చదువుకుంటూ, ఎక్కాల్సిన బస్సు వదిలేసుకునేవాడు.

ప్రెస్సులో ఉన్నప్పటి సంగతి ఒకటి నాకు చెప్పినాడు. కాలేజీ క్యాంటీన్‌లో, ఇడ్లీ తింటూ, మామూలుగా చెప్పినాడు.

ఒక పెళ్ళి పత్రికలో ముహూర్తం ఉదయం ఏడు నలభై అని ఉండాల్సింది, సాయంత్రం ఏడు నలభై అని అచ్చయింది. ప్రూఫు చూసింది ఆయనే. పత్రికలు పంచేసినారు. పెళ్ళివాళ్ళు గూడా గమనించలేదు. పెళ్ళి రోజు పొద్దున, ఆ కల్యాణమండపం ముందర నుంచి పనికి పోతూ మేళం విని, పత్రికలో సాయంత్రమని ఉన్నది గుర్తొచ్చి, ఈయన నిలబడిపోయినాడు.

"అప్పుడేం చేసినావన్నా?"

"లోపలికి పోయి పెండ్లికూతురి నాయనకి చెప్పినాను, తప్పు నాదని. ఆయనకి వినే తీరిక యాడుంటాది? పోప్పా అన్నాడు. సాయంత్రం అయిదుకి మళ్ళా పోయి గేటు కాడ నిలబడినాను. పత్రిక చూసుకోని వచ్చిన వాళ్ళందరికీ చెప్పినాను. పెండ్లి పొద్దున్నే అయిపాయ, వాళ్ళు మిమ్మల్ని పిలవక కాదు, పత్రికలో నేను చేసిన తప్పు, నా పేరు ఫలానా, నేను ఫలానా ప్రెస్సులో ఉంటాను అని."

"అందరికీనా?"

"వచ్చిన వాళ్ళందరికీ. ఒకాయన కుప్పం నుంచి వచ్చింటే, బస్టాండు దాకా పోయి బస్సెక్కించినాను."

నీ పేరెందుకు చెప్పినావు, ప్రెస్సులో తప్పు జరిగిందంటే సరిపోయేది కదా అన్నాను. ఆయన నా వైపు చూసిన చూపులో విసుగు లేదు. అర్థం కానట్టు చూసినాడు. "పేరు చెప్పకపోతే వాళ్ళు ఎవురి మీద కోపం చేసుకోవాల మేడం?" అన్నాడు.

ఆ మాట నేను అప్పుడు నవ్వి వదిలేసినాను.

పదేళ్ళ కిందట మా కాలేజీ సైన్సు క్లబ్బు తరఫున గ్రహశకలాల వెతుకులాటలో చేరినాము. చాలా దేశాల పిల్లలు చేసే పనే. దూరదేశంలో ఒక పెద్ద టెలిస్కోపు తీసిన ఆకాశం బొమ్మల్ని ఇంటర్నెట్లో పంపేవాళ్ళు. ఒకే జాగాను కొన్ని నిమిషాల తేడాతో నాలుగుసార్లు తీసిన బొమ్మలు. నక్షత్రాలు నాలుగింట్లోనూ ఒకేచోట ఉంటాయి. అంగారకుడికీ గురుడికీ మధ్యన సూర్యుడి చుట్టూ తిరిగే లెక్కలేనన్ని రాళ్ళలో ఏదైనా ఒకటి ఆ జాగాలో ఉంటే, అది మాత్రం బొమ్మ బొమ్మకూ కొంచెం జరిగి ఉంటుంది. ఆ నాలుగు బొమ్మల్నీ కంప్యూటర్లో ఒకదాని వెంట ఒకటి గబగబా మారుస్తూ, జరిగే చుక్కను పట్టుకోవాలి. ఇంతకు ముందే తెలిసిన రాళ్ళ పక్కన పేరో నెంబరో కనిపిస్తుంది. ఏ పేరూ లేకుండా ఒక చుక్క జరుగుతుంటే, అది కొత్తది కావచ్చు.

నా టీములో ముగ్గురు ఫైనలియర్ పిల్లలు. మూడు వారాలు చూసినాము. తెలిసిన రాళ్ళు చాలానే కనిపించినాయి. కొత్తది ఒకటీ లేదు. మరునాటితో మాకిచ్చిన గడువు అయిపోతుందనగా, ఒక మధ్యాహ్నం పిల్లలు భోజనానికి పోయినారు. నేనొక్కదాన్నే ల్యాబులో చివరి బొమ్మలు చూస్తున్నాను. ఆయన ప్రశ్నపత్రం ప్రూఫు తీసుకుని సంతకం కోసం వచ్చినాడు. నేను సంతకం పెడుతుంటే స్క్రీన్ వైపు చూస్తూ నిలబడినాడు.

"ఇది మేము చేసేదే గదా మేడం" అన్నాడు. "కాగితం ఎత్తి దించేది."

అవునన్నా, అట్లాంటిదే అని చెప్పి కాగితం చేతికిచ్చినాను. ఆయన కదల్లేదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, స్క్రీన్ దగ్గరకు వంగినాడు.

"ఆ కింద మూలలో ఒక చుక్క కుదురుగా లేదు."

నేను చూసినాను. నాకేమీ కనిపించలేదు. ఇసుక చల్లినట్టు బూడిదరంగు నలకలు, అంతే. అది కెమెరాలో వచ్చే నలక అన్నా, అట్లాంటివి వేలు ఉంటాయి అన్నాను.

"నలకైతే ఒక్కచోటనే ఉంటాది, లేదంటే మాయమైపోతాది. ఇది వరస తప్పకుండా పోతాండాది. సూడండి, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒక్కోసారి అంతే దూరం." పెన్సిల్ కొన స్క్రీన్‌కు తగలకుండా, గాలిలోనే నాలుగు చోట్ల చూపించినాడు.

ఆ మూలను పెద్దది చేసినాను. వెలుతురు సరిచేసినాను. అప్పుడు కనిపించింది. చాలా మసక చుక్క. నాలుగు బొమ్మల్లోనూ ఉంది, ఒకే గీత మీద, ఒకే ఎడంతో. పక్కన ఏ పేరూ లేదు. తెలిసిన రాళ్ళ జాబితాతో పోల్చినాను, ఆ జాగాలో ఆ వేగంతో పోయేది ఏదీ లేదు. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, నేను కొలతలు తీసినంతసేపూ ఒక్కో అంకెనూ కొన నుంచి మొదటికి చదివి సరిచూసినాడు. రిపోర్టు పంపినాక లేచి, "పేపరు ప్రెస్సుకి పంపాల మేడం, ఆలస్యమైపాయ" అని వెళ్ళిపోయినాడు.

ఆ బొమ్మలు పంపేవాళ్ళు తర్వాతి రాత్రుల బొమ్మల్లోనూ అది ఉందని చూసుకున్నారు. కొన్ని నెలలకు మా టీము దాన్ని కనిపెట్టినట్టు ఒప్పుకుంటూ మెయిల్ వచ్చింది. దానికి తాత్కాలికంగా ఒక గుర్తు ఇచ్చినారు, సంవత్సరమూ రెండు అక్షరాలూ కొన్ని అంకెలూ. ఆయనకు చూపించినాను.

"ఇదేం పేరు మేడం, బస్సు నెంబరు మాదిరి ఉండాది" అని నవ్వినాడు.

ఆ మెయిల్లోనే, సర్టిఫికెట్‌లో ఎవరెవరి పేర్లు రావాలో సరిచూసి పంపమన్నారు. జాబితా అంటే మొదట్లో నేను నమోదు చేసిందే. నా పేరు, ముగ్గురు పిల్లల పేర్లు. కింద ఇంకో పేరు చేర్చేదానికి ఖాళీ ఉండింది. నేను చేర్చలేదు. ఎగ్జామ్ సెక్షన్‌లో పనిచేసే మనిషి పేరు సైన్సు క్లబ్బు టీములో ఎట్లా పెట్టేది అనుకున్నాను. పిల్లల కష్టం తక్కువైపోతుందేమో అనుకున్నాను. తర్వాత ఎవరికైనా చెప్పాల్సి వస్తే, కాలేజీ నడిపే కరస్పాండెంటు గారు ఒప్పుకోలేదని చెప్దామనుకున్నాను. అది నిజం కాదు. ఆ సంగతి కరస్పాండెంటు గారి దాకా పోక ముందే నేను జాబితా పంపేసినాను. అసలు కారణం ఒకటే. ప్రూఫులు చూసే ఆయన నిలబడి చూసి చెప్పినాడంటే, మూడు వారాలు కుర్చీలో కూర్చున్న ఫిజిక్స్ మేడం ఏం చేసినట్టు?

కాలేజీ ప్రెస్‌మీట్ పెట్టింది. పేపర్లవాళ్ళకు ఇచ్చే ప్రకటనను నేనే రాసినాను. మా కాలేజీ నుంచి బయటికి పోయే ప్రతి కాగితమూ ముందు ఆయన టేబుల్ మీదికి పోవాలి, అది పద్ధతి. ఇంకెవరి చేతనైనా పంపించుంటే బాగుండేది. ఏమనుకున్నానో, నేనే తీసుకునిపోయినాను.

ఆయన స్కేలు పెట్టి కొన నుంచి మొదలుపెట్టినాడు. నేను ఎదురుగా నిలబడినాను. పేర్లు మూడో పేరాలో ఉన్నాయి. పెన్సిల్ అక్కడికి వచ్చింది. మూడో పిల్లవాడి పేరు, ఒక్కో అక్షరం. రెండో అమ్మాయి పేరు, అందులో ఒక దీర్ఘం తప్పు పోయుంటే దిద్దినాడు. మొదటి పిల్లవాడి పేరు. చివరికి నా పేరు మీద ఆగింది. ఆ తర్వాత పెన్సిల్ పై వరసకు పోయింది. "గ్రహశకలం" అనే మాటలో నేను ల బదులు ళ రాసినాను, దాన్ని దిద్దినాడు. మొదటి అక్షరం దాకా పోయి, కింద అలవాటు ప్రకారం "చూసినాను" అని రాసి, తేదీ వేసి, నా చేతికిచ్చినాడు.

"రెండే తప్పులు మేడం" అన్నాడు. "బాగా రాసినారు."

ఆయన ముఖంలో ఏమైనా ఉందా అని వెతికినాను. ఏమీ కనిపించలేదు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది.

ఆ తర్వాత మా ఇద్దరి మధ్యా ఏమీ మారినట్టు లేదు. నెలకోసారో రెండుసార్లో ప్రశ్నపత్రాలు తీసుకుని వచ్చేవాడు. పని అయినాక, గడప దగ్గర ఆగి, "మన రాయి ఇప్పుడు యాడుండాది మేడం?" అనేవాడు. నేను కంప్యూటర్లో చూసి చెప్పేదాన్ని. ఇప్పుడు సూర్యుడి అవతల పక్క ఉందన్నా, మనకు కనిపించదు. ఇప్పుడు వృషభరాశిలో ఉంది. ఇప్పుడు మన భూమి దాని పక్కనుంచి పోతుంది, అందుకని అది వెనక్కి నడిచినట్టు కనిపిస్తుంది. పంచాంగాలు దిద్దిన మనిషి కాబట్టి రాశులు చెప్తే చాలు, తల ఎత్తి గోడ వైపు చూస్తూ ఎక్కడో లెక్కేసుకునేవాడు.

దానికి అసలు నెంబరు ఎప్పుడిస్తారని అడిగినాడు. ఒకసారి చూస్తే చాలదన్నా, సూర్యుడి చుట్టూ ఒక చుట్టు తిరగడానికి దానికి నాలుగేళ్ళ పైన పడుతుంది, అది మనకు ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు చూసి కొలవాలి, దారి ఖాయమైందని నమ్మకం కుదిరినాక నెంబరు ఇస్తారు, ఆ తర్వాతే పేరు, అని చెప్పినాను.

"అంటే ఫస్టు ప్రూఫు, సెకండు ప్రూఫు, థర్డు ప్రూఫు" అన్నాడు. "మంచి పద్ధతి మేడం. తొందరపడి అచ్చెయ్యరు."

ఆ రాయి నాకు చాలానే ఇచ్చింది. ఉత్తమ అధ్యాపకురాలినని శాలువా కప్పినారు. డిపార్టుమెంటు హెడ్‌ని చేసినారు. ఎక్కడ సభ జరిగినా నన్ను పిలిచి, ఆ చుక్క ఎట్లా దొరికిందో చెప్పమనేవాళ్ళు. చెప్పీ చెప్పీ కథ నున్నగా అయిపోయింది. "ఆ మధ్యాహ్నం నేనొక్కదాన్నే ల్యాబులో ఉన్నాను" అని మొదలుపెట్టేదాన్ని. ఒకసారి మా కాలేజీ సభలోనే, ఆయన వెనక వరసలో కూర్చునుండగా అట్లాగే చెప్పినాను. అందరితో పాటు ఆయనా చప్పట్లు కొట్టినాడు.

ఆయన రిటైరై పుత్తూరులో కూతురింటికి పోయినాడు. ఆమె అక్కడ బట్టలు కుడుతుంది. చక్కెర జబ్బు ఆయన కళ్ళను తినేసింది. రెండేళ్ళ కిందట రాయికి నెంబరు వచ్చింది, దాంతో పాటు పేరు సూచించమని మాకు కబురు వచ్చింది. అప్పటికి ఆయనకు వెలుతురూ నీడా తప్ప అక్షరం కనిపించేది కాదు.

పేరుకు నియమాలున్నాయి. పదహారు అక్షరాలకు మించకూడదు. నోరు తిరిగేదిగా ఉండాలి. కనిపెట్టినవాళ్ళ సొంత పేరు పెట్టుకోకూడదు. బతికున్నవాళ్ళ పేరైనా పెట్టొచ్చు. ఆ పేరు ఎవరిదో ఎందుకో రెండు మూడు వాక్యాల్లో రాసి పంపాలి. ఒకసారి ప్రకటించినాక ఇక అది మారదు.

కనిపెట్టినవాళ్ళ పేరు పెట్టకూడదన్న వాక్యం చదివి, లెక్క ప్రకారం ఆయన పేరు పెట్టేదానికి ఏ అడ్డమూ లేదని నాకు తోచింది. ఎందుకంటే కాగితం మీద ఆయన కనిపెట్టినవాడు కాదు. నేను చేసిన తప్పే దారి ఇస్తోంది.

కరస్పాండెంటు గారు పిలిచి, వాళ్ళ నాయన పేరు పెట్టమన్నారు. కాలేజీ స్థాపించిన పెద్దాయన. గట్టిగా అడగలేదు. "ఆలోచించండమ్మా, బాగుంటుంది కదా" అన్నారు, అంతే. కాదంటే ఉద్యోగం పోయేది కాదు. ఈ మాట కూడా ఇక్కడ రాసుకోవాలి.

రెండు కాగితాలు రాసినాను. ఒకదాని మీద పెద్దాయన పేరు, ఇంకోదాని మీద ఈయన పేరు. రెండూ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని పుత్తూరు బస్సెక్కినాను. వడమాలపేట దాటే దాకా ఈయన కాగితమే పంపాలనుకున్నాను.

ఆయన వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునున్నాడు. లోపల కుట్టుమిషను శబ్దం. నా గొంతు విని లేచి నిలబడినాడు.

"మేడమా? రండి, రండి. ఎండలో వచ్చినారు."

కూతురు మజ్జిగ తెచ్చిచ్చి, పని ఉందని లోపలికి పోయింది. నెంబరు వచ్చిందన్నా, పేరు పెట్టమన్నారు అని చెప్పినాను. ఆయన ముఖం వెలిగింది. నియమాలు అడిగినాడు. పదహారు అక్షరాలంటే తల ఊపినాడు.

"హెడ్డింగుకి ఎప్పుడూ అక్షరాల లెక్కే" అన్నాడు. "పోయినోళ్ళ పేరే పెట్టాల్నా?"

"లేదన్నా. బతికుండేవాళ్ళకు కూడా పెట్టొచ్చు."

ఆయన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. కుట్టుమిషను ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆయన ఎదురుచూస్తున్నాడా, ఊరికే కూర్చున్నాడా, నాకు తెలీదు. ఆ నిమిషంలో ఆయన పేరు చెప్పుంటే సరిపోయేది. కానీ చెప్పాలంటే, ఎందుకు పెడుతున్నానో చెప్పాలి. చెప్పాలంటే, ఇన్నేళ్ళూ చెప్పనిది చెప్పాలి. ఆ కాగితంలో రాసిన మూడు వాక్యాలు రేపు అందరూ చదువుతారు. వెనక వరసలో కూర్చున్న మనిషి ముందర "నేనొక్కదాన్నే" అన్న నోటితో, అది ఎట్లా చదివేది?

"కాలేజీ పెట్టిన పెద్దాయన పేరు అనుకుంటున్నామన్నా" అన్నాను.

"మంచిది మేడం" అన్నాడు వెంటనే. "నేనాయన్ని చూడలేదు గానీ, ఆయన పెట్టిన కాలేజీ నాకు అన్నం పెట్టింది. రాసుకోనొచ్చినారా? చదవండి. తప్పు పోతే మళ్ళా మారదంటాండారు గదా."

కాగితం తీసి చదివినాను.

"అట్ల కాదు మేడం. కొన నుంచి."

కొన నుంచి ఒక్కో అక్షరం చదివినాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. ఆయన వేలు మోకాలి మీద ఒక్కో అక్షరానికీ ఒక్కోసారి తగిలింది. ఒక మాట రెండుసార్లు వచ్చిందని, ఒకటి తీసెయ్యమని చెప్పినాడు. తీసేసినాను. ఇంకో కాగితం బ్యాగులోనే ఉంది. బ్యాగు నా ఒళ్ళో ఉంది.

లేస్తుంటే అడిగినాడు. "ఇప్పుడు యాడుండాది మేడం, ఆ రాయి?"

ఎనిమిదేళ్ళుగా ఆయన నోట "మన రాయి" అనే విన్నాను. ఆ రోజు "ఆ రాయి" అన్నాడు. కావాలని అన్నాడో, ఎట్లనో వచ్చిందో. తులారాశిలో ఉందన్నా అని చెప్పినాను. నిజానికి ఎక్కడుందో ఆ రోజు నేను చూసుకోలేదు.

తిరుగు బస్సులో ఆయన పేరున్న కాగితాన్ని చించేసినాను. పెద్దాయన పేరు పంపినాను. ప్రకటించినారు. కాలేజీలో పూలదండలు వేసి ఫోటోలు తీసుకున్నారు. మళ్ళీ పుత్తూరు పోలేదు. ఫోను చేద్దామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక పని పెట్టుకున్నాను.

శ్రద్ధాంజలి ప్రకటనలో పెద్దకర్మ తేదీ ఉంది. ఆ రోజు సెలవు పెట్టి పోయినాను. పోయేటప్పుడు ఒకటే నిర్ణయించుకున్నాను. ఆయనకు చెప్పలేకపోయినాను, ఆ బిడ్డకైనా చెప్పాలి. తిట్టినా పడాలి.

ఇంటి ముందర షామియానా వేసినారు. నన్ను చూడగానే కూతురు ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకునింది. ఏడ్చింది. "మీరొస్తారని నాకు తెలుసు మేడం. నాయనకి మీరంటే శానా గౌరవం. ఆ రాయి సంగతి ఎన్నిసార్లు చెప్పినాడో. మా మేడం ఆకాశంలో ఒక రాయి కనిపెట్టింది, నేను ఆ పొద్దు ఆ రూములోనే నిలబడుకోనుండాను అని, ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పేవాడు."

ఆమెను కొంచెం పక్కకు తీసుకుపోయినాను. షామియానా గుంజ దగ్గర నిలబడి చెప్పినాను.

"అమ్మా, దాన్ని కనిపెట్టింది నేను కాదు. మీ నాయన. ముందు చూసింది ఆయనే. నాకు చూపించినా కనిపించలేదు. ఆయన పేరు రాయాల్సింది. నేను రాయలేదు."

ఆమె నా ముఖంలోకి చూసింది. తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుని, నవ్వినట్టు చేసింది.

"మమ్మల్ని ఓదార్చేదానికి అట్లా చెప్తాండారు మేడం. నాయన మాకంతా చెప్పినాడు గదా. మేడమే కనిపెట్టింది, నేను ఊరికే పక్కన నిలబడినాను అని. ఆయన నోట్లో అబద్ధం యాడొస్తాది?"

"కాదమ్మా, నిజంగానే..."

"పెదనాయనా" అని ఆమె వెనక్కి తిరిగి ఒక ముసలాయన్ని పిలిచింది. "ఈమే మేడం. ఎంత మంచోళ్ళో చూడు. ఆ రాయి కనిపెట్టింది నాయనేనని చెప్తాండారు."

ఆయన వచ్చి, ఎండిపోయిన చేతులు రెండూ ఎత్తి నాకు దండం పెట్టినాడు. "పెద్ద మనసు తల్లీ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నా వైపు తిరిగి చూసినారు, ఆదరంగా.

ఇంకోసారి గట్టిగా చెప్పుండొచ్చు. చెప్పలేదు. ముందు వరసలో నాకు ఆకు వేసినారు. ఆమె దగ్గరుండి వడ్డించింది. కూర్చుని తిన్నాను.